సెరిబ్రల్ పాల్సీ అనగానే ఫోన్ పెట్టేయకండి: పిల్లల్ని చూసుకునే మనుషుల్ని పంపే ఏజెన్సీలకు ఒక తల్లి బహిరంగ లేఖ

పిల్లల్ని చూసుకోవడానికి ఇళ్లకు మనుషుల్ని పంపే ఏజెన్సీలు నడుపుతున్న అందరికీ,

నమస్కారం. నాకు ఏడేళ్ల బాబు ఉన్నాడు. వాడికి సెరిబ్రల్ పాల్సీ. ఈ రెండు మాటలు ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు కానీ, రెండో మాట అయ్యాక అవతల ఏం జరుగుతుందో మాత్రం బాగా తెలుసు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. తర్వాత గొంతు మారుతుంది. "అలాంటి పిల్లల్ని చూసేవాళ్లు మా దగ్గర లేరండీ, సారీ" అంటారు. వాడు ఎలాంటి పిల్లాడో తెలుసుకోవడానికి అప్పటికి ఒక్క ప్రశ్న కూడా అడిగి ఉండరు.

మీరు కాదన్నాక నేను నర్సుల్ని పంపేవాళ్లకి ఫోన్ చేస్తాను. వాళ్లు ట్యూబు ఉందా, ఆక్సిజన్ పెడుతున్నారా, ఇంజెక్షన్లు చెయ్యాలా అని వరసగా అడుగుతారు. అవేవీ లేవు, నోటితోనే తింటాడు, మందులు నేనే వేస్తాను, నేను లేని నాలుగైదు గంటలు జాగ్రత్తగా చూసుకునే మనిషి కావాలి అంటే, "దానికి నర్సు ఎందుకమ్మా, మామూలు ఆయాని పెట్టుకోండి" అంటారు. మళ్లీ మీ దగ్గరికే. ఇలా ఇక్కడికీ అక్కడికీ తిరగడంలో మూడేళ్లు గడిచిపోయాయి. నాకు కావలసిన మనిషి ఈ రెండు రకాల ఏజెన్సీల మధ్య ఎక్కడో ఉంది, ఆమెని వెతికి పంపే పని తమదని ఎవరూ అనుకోవడం లేదు.

అందుకే మీకు రాస్తున్నాను. కోపంతో కాదు. మీ ఫోన్ ఎత్తే అమ్మాయికి భయం వేయడం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే డాక్టరు ఆ పేరు మొదటిసారి చెప్పినప్పుడు నాకూ అంతే భయం వేసింది. కానీ ఆ భయం పేరును చూసి వచ్చింది, బాబును చూసి కాదు. మీరు కూడా ఇప్పుడు పేరు మాత్రమే వింటున్నారు.

అసలు ఆ పేరు చెప్పేది చాలా తక్కువండీ. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో ఎదుగుతున్న మెదడుకి దెబ్బ తగిలితే కండరాల మీద అదుపు సరిగ్గా రాదు, దాన్నే సెరిబ్రల్ పాల్సీ, పొట్టిగా సీపీ అంటారు. మా బాబు ఇరవై తొమ్మిదో వారంలోనే పుట్టేశాడు. నెలలు నిండకుండా పుట్టడం దీనికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి. ఇది అంటుకోదు. మెదడుకి తగిలిన ఆ దెబ్బ రోజురోజుకీ పెరిగేదీ కాదు. ఒకామె మా గుమ్మంలో నిలబడి "మా పిల్లలకి అంటుకుంటుందేమోనని మా ఆయన వద్దంటున్నాడు" అని నిజాయితీగా అడిగింది కాబట్టి ఇంత విడమరిచి రాస్తున్నాను. ఆమె నన్ను అడిగింది కాబట్టి చెప్పగలిగాను, అడగకుండా వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో.

సీపీ ఉన్న పిల్లల్లో కొంచెం కుంటుతూ పరుగెత్తేవాళ్లున్నారు, మెడ కూడా నిలపలేనివాళ్లున్నారు. ఈ తేడా ఎంత పెద్దదంటే, పిల్లలు ఎంతవరకు కదలగలరో చెప్పడానికి 1997లో డాక్టర్లు, థెరపిస్టులు కలిసి ఐదు లెవెల్స్ తయారు చేశారు, జీఎంఎఫ్‌సీఎస్ అంటారు. ఒకటో లెవెల్ పిల్లాడు మెట్లెక్కుతాడు, ఐదో లెవెల్ పిల్లాడికి తల పట్టుకోవడానికి కూడా సాయం కావాలి. మా వాడిది నాలుగో లెవెల్. ఆసరా ఇస్తే కూర్చుంటాడు, వీల్‌చైర్ ఎవరైనా తోయాలి. సీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి మేధోపరమైన ఇబ్బంది కూడా ఉంటుంది, మిగతా సగం మందికి ఉండదు. నలుగురిలో ఒకరికి మూర్ఛ ఉంటుంది. నలుగురిలో ఒకరు మాట్లాడలేరు. మీ ఫారంలో మాత్రం వీళ్లందరికీ కలిపి ఒకే గడి, దాని పక్కన "ఉంది", "లేదు" అని రెండే మాటలు. అక్కడ "ఉంది" అని టిక్ పెట్టిన రోజు నుంచి మాకు మీ దగ్గర్నుంచి ఫోన్ రాదు.

ఒకసారి వచ్చింది. నేను ఫారంలో అన్నీ రాసి ఇచ్చాను, మనిషిని పంపుతున్నాం అన్నారు. పొద్దున్నే ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై ఏళ్లు ఉంటాయేమో. తలుపు తీసి లోపలికి రమ్మంటే రెండడుగులు వేసి వీల్‌చైర్‌లో ఉన్న బాబుని చూసి అక్కడే ఆగిపోయింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. "ఏడేళ్ల బాబు, ఇంట్లో ఉంటే చాలు" అని మాత్రమే చెప్పి పంపారట. ఆ అమ్మాయి మంచిది, ప్రయత్నించింది కూడా. కానీ వంటగదిలో గిన్నె కిందపడి పెద్ద చప్పుడైనప్పుడు వాడి ఒళ్లంతా ఒక్కసారిగా బిగుసుకుపోయింది, చేతులు రెండూ పైకి లేచాయి, అది వాడికి మామూలే, చప్పుడుకి అలా ఉలిక్కిపడతాడు, కాసేపు గుండెకి హత్తుకుంటే వదులవుతాడు. ఆమె మాత్రం తనే ఏదో చేసేశానని అనుకుని ఏడ్చేసింది. రెండు గంటల్లో వెళ్లిపోయింది. ఆ అమ్మాయిని నేను ఏమీ అనలేను. ముందు రోజు ఎవరైనా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆమె ఉండేదని నా నమ్మకం. మనిషికి నిజం చెబితే రాదేమోనని దాచిపెట్టి పంపడం వల్ల నష్టపోయింది ముగ్గురు: ఆమె, మేము, అన్నిటికన్నా ముందు బాబు. ఎందుకంటే తనని చూసి ఒక మనిషి ఏడుస్తూ వెళ్లిపోవడం వాడు కళ్లారా చూశాడు. వాడికి అన్నీ అర్థమవుతాయి.

మా బాబుని చూసుకోవడానికి ఏం తెలియాలో రాస్తాను, చదివాక ఇది నేర్చుకోలేని పనో కాదో మీరే చెప్పండి.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తల వెనక్కి వాలకుండా గడ్డం కొంచెం కిందికి ఉండాలి. చిన్న స్పూనుతో కొంచెం కొంచెం పెట్టాలి. మింగాడని కంటితో చూశాకే ఇంకోటి. నీళ్లు పల్చగా ఉంటే గొంతులో తప్పుదారి పట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది కాబట్టి థెరపిస్టు చెప్పిన పొడి కలిపి చిక్కగా చేసి ఇవ్వాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. మామూలుగా పది నిమిషాల్లో అయ్యే పని వాడికి నలభై నిమిషాలు పడుతుంది. అంతే. తొందరపడే మనిషి అయితే కష్టం, తొందర లేని మనిషికి ఇందులో కష్టమేమీ లేదు.

ఎత్తుకోవడం మాత్రం చేసి చూపిస్తేనే వస్తుంది. చంకల్లో చేతులు పెట్టి పైకి లాగితే వాడి కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి కర్రల్లా బిగుసుకుంటాయి, అప్పుడు ఎంత బలమున్న మనిషికైనా జారిపోతాడు. ముందు "నాన్నా, నిన్ను ఎత్తుకుంటున్నా" అని చెప్పాలి. చెప్పకుండా ముట్టుకుంటే ఉలిక్కిపడతాడు. తర్వాత ఒక చెయ్యి మోకాళ్ల కింద పెట్టి తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర మడవాలి. అలా మడిస్తే ఆ బిగువు దానంతటదే వదులుతుంది, ఒళ్లు మెత్తబడి మన మీదికి ఒరుగుతుంది. ఇది నాకు వాడి ఫిజియోథెరపిస్టు నేర్పింది, ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. మీ దగ్గర పనిచేసేవాళ్ల నడుములు కూడా ఇలా ఎత్తితేనే బాగుంటాయి. వాడు ఇప్పుడు పద్దెనిమిది కిలోలు, ఇంకా పెరుగుతాడు, కాబట్టి వచ్చే ఏడాదికి ఎత్తడానికి పట్టీల మెషిన్ కొనబోతున్నాం. బరువు మొయ్యాల్సి వస్తుందని భయపడేవాళ్లకి ఈ మాట కూడా చెప్పండి.

మూర్ఛ గురించి. చివరిసారి వచ్చి పద్నాలుగు నెలలైంది, మందులతో అదుపులో ఉంది. వస్తే గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి, మాకు ఫోన్ చెయ్యాలి. ఇది ఏ పిల్లాడిని చూసుకునే మనిషికైనా తెలిసి ఉండాల్సిన విషయమే కదా, ఫిట్స్ ముందుగా చెప్పి ఏ ఇంటికీ రావు.

ఇక మాట. వాడు మాట్లాడలేడు, కానీ చెబుతాడు. అవునంటే కళ్లు పైకెత్తుతాడు, కాదంటే పక్కకి తిప్పుకుంటాడు. బొమ్మల బోర్డు ఒకటి ఉంది, చూపుతో ఏ బొమ్మ కావాలో చెబుతాడు. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు, నేనూ చాలాకాలం చేశాను. ప్రశ్న అడుగుతాం, రెండు సెకన్లు ఆగుతాం, జవాబు రాలేదని మనమే ఏదో ఒకటి నిర్ణయించేస్తాం. వాడి మెదడు నుంచి కళ్లకి ఆ ఆజ్ఞ చేరడానికి, ఆ కళ్లు వాడు అనుకున్న చోటికి తిరగడానికి సమయం పడుతుంది. పది సెకన్లు ఆగితే జవాబు వస్తుంది. పది సెకన్లు చాలా ఎక్కువసేపండీ, ఎదురుగా కూర్చుని ఆగి చూడండి తెలుస్తుంది. ఆ పది సెకన్లు ఆగని మనిషి దగ్గర వాడు మాటలు రాని పిల్లాడు, ఆగే మనిషి దగ్గర ఇష్టాలూ పంతాలూ ఉన్న పిల్లాడు.

అలా ఆగే మనిషి మాకు ఒకసారి దొరికింది. ఆమె పెద్దగా చదువుకోలేదు, ఇలాంటి పిల్లల్ని అంతకుముందు చూడలేదు కూడా. మొదటి రోజు వచ్చి జబ్బేంటని నన్ను అడగలేదు. వీల్‌చైర్ ముందు నేలమీద కూర్చుని, వాడి కళ్లకి తన కళ్లు అందేలా తలెత్తి, "ఏం బాబూ, నేను రోజూ రావచ్చా?" అని వాడినే అడిగింది. అడిగి ఊరుకుంది. వాడు చాలాసేపు చూసి కళ్లు పైకెత్తాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను, నా బతుకులో మర్చిపోలేని దృశ్యాల్లో అదొకటి. రెండు వారాలు నేను ఇంట్లో ఉండగానే అన్నీ నేర్చుకుంది, కాళ్లు వంకరపోకుండా తొడిగే స్ప్లింట్లు విప్పాక ఎర్రటి మచ్చలు పోయాయా లేదా అని నేను చెప్పకుండానే చూసేది. మూడో వారం నేను పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఏడాదిన్నరగా నొప్పితో వాయిదా వేసుకుంటూ వచ్చిన పన్ను అది.

ఆరు నెలల తర్వాత ఒక సోమవారం ఆమె బదులు వేరే మనిషి వచ్చింది. ఏజెన్సీ వాళ్లు ఆమెని వేరే ఇంటికి మార్చారట. మాకు ముందుగా ఫోన్ లేదు, ఆమెకీ వీడ్కోలు చెప్పే వీలు ఇవ్వలేదు. అడిగితే "మనిషిని పంపాం కదండీ, పని ఆగలేదు కదా" అన్నారు. పని ఆగలేదు, నిజమే. కానీ మా వాడు నాలుగు రోజులు సరిగ్గా తినలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా అటే చూసేవాడు. వాడికి "ఆమె ఏదీ?" అని అడగడానికి బోర్డులో ఆమె బొమ్మ లేదు. అది నాకు తట్టడానికి నాలుగు రోజులు పట్టింది, ఇప్పటికీ నన్ను తొలిచేస్తుంది. మామూలు పిల్లలకి మనుషులు మారినా సర్దుకుంటారేమో, మా పిల్లలకి ఒక మనిషి మారడమంటే నేర్చుకున్న భాష మొత్తం పోయి మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టడం.

మీరు బహుశా అనుకుంటారు, ఇంట్లో తల్లి ఉంది కదా, ఈమెకి ఇంత పట్టుదల ఎందుకని. మా బంధువులు కూడా ఇదే అంటారు. మాకు పదకొండేళ్ల పాప కూడా ఉంది. దాని బళ్లో ఏ కార్యక్రమం ఉన్నా ముందురోజు అది అడిగే ప్రశ్న ఒకటే, "ఈసారి అమ్మ వస్తుందా, నాన్న వస్తాడా?" ఇద్దరూ వస్తారా అని అడగడం ఎప్పుడో మానేసింది. ఏడేళ్లుగా మా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల్సిందే కాబట్టి నేనూ మా ఆయనా కలిసి బయటికి వెళ్లింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాత్రి వాడిని మూడుసార్లు ఒత్తిగిలేలా తిప్పాలి, పగలు థెరపీలు, మధ్యలో నేను చేసే ఉద్యోగం. నేను అలసిపోతే నా చేతులు మొరటుగా పడతాయి. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. నాకు నాలుగు గంటలు దొరికితే ఆ సాయంత్రం వాడికి మంచి అమ్మ దొరుకుతుంది.

ఇది నా ఒక్కదాని గొంతెమ్మ కోరిక కాదు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒప్పందంలో, పేదరికంలో ఉన్న వికలాంగులకీ వాళ్ల కుటుంబాలకీ ప్రభుత్వం అందించాల్సిన సాయం గురించి చెబుతూ శిక్షణ, కౌన్సెలింగ్, డబ్బుతో పాటు రెస్పైట్ కేర్ అనే మాట కూడా రాశారు, అంటే చూసుకునేవాళ్లకి కాస్త ఊపిరి పీల్చుకునే సమయం దొరికేలా వేరే మనిషి వచ్చి చూసుకోవడం. ఆ మాట కాగితం మీద ఉంది. కానీ గుమ్మం దాటి లోపలికి రావాల్సిన మనిషి మీ లాంటి వాళ్ల దగ్గర్నుంచే రావాలి.

మీరు ఏం చెయ్యాలో సూటిగా చెబుతాను. ఫోన్‌లో మేం సీపీ అన్నప్పుడు పెట్టేయకుండా, నోటితో తింటాడా, ఎలా ఎత్తాలి, ఫిట్స్ వస్తాయా, అవును కాదు ఎలా చెబుతాడు, దేనికి నవ్వుతాడు అని అడగండి. ఐదు నిమిషాలు పడుతుంది. ఆ జవాబులు రాసుకుని, పంపబోయే మనిషికి ఉన్నదున్నట్టు చెప్పండి, వద్దనే హక్కు ఆమెకి ఇవ్వండి. భయంతోనో మొహమాటంతోనో వచ్చిన మనిషి మాకు వద్దు. ఒప్పుకున్న మనిషిని మొదట మూడు నాలుగు రోజులు మేం ఇంట్లో ఉన్నప్పుడే పంపండి, ఆ రోజులకి కూడా ఆమెకి పూర్తి జీతం ఇవ్వండి, మా దగ్గర తీసుకోండి, ఇస్తాం. స్పెషల్ కేసు అని ఎక్కువ అడుగుతున్నారు, దానికీ మేం సిద్ధమే, కానీ ఆ ఎక్కువ ఆమె చేతికి చేరాలి. ఇద్దరికి నేర్పిద్దాం, ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు వచ్చేలా. నేర్పే పని నేనే చేస్తాను, మా థెరపిస్టు కూడా ఒక పూట వచ్చి చూపిస్తానన్నారు. మీ ఆఫీసుకి వచ్చి పదిమందికి చెప్పమన్నా చెబుతాను. పిల్లల్లో కదలికలకి సంబంధించిన వైకల్యాల్లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉండేది సీపీయే, కాబట్టి మీకు ఫోన్ చేసే తల్లుల్లో నేను చివరిదాన్ని కాను.

భద్రత గురించి ఒక మాట, ఇది రాయడానికి చెయ్యి వణుకుతోంది. వైకల్యం ఉన్న పిల్లల మీద హింస జరిగే అవకాశం మిగతా పిల్లల కంటే 3.7 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం చేసిన సమీక్షలో 2012లో తేలింది. మా వాడు ఎవరైనా గిల్లినా చెప్పలేడు, డైపర్ మార్చడానికి కూడా వేరే మనిషి చెయ్యి పడాలి. కాబట్టి "మంచి మనిషేనండీ" అన్న ఒక్క హామీతో మేం వదలలేం. అంతకుముందు పనిచేసిన ఇళ్లవాళ్లతో మమ్మల్ని మాట్లాడనివ్వండి, పోలీసు వెరిఫికేషన్ కాగితం చూపించండి. మా హాల్లో కెమెరా ఉంది, ఆ సంగతి వచ్చే మనిషికి మొదటి రోజే నేను చెబుతాను, దొంగచాటుగా పెట్టడం నాకిష్టం లేదు. మేం చెప్పకుండా మధ్యలో ఇంటికి వస్తుంటాం, దానికి ఆమె నొచ్చుకోకూడదు. ఇంకొకటి, ప్రతి సాయంత్రం వాడిని అడుగుతాను, రేపు కూడా ఆమె రావచ్చా అని. వాడు వరసగా కళ్లు పక్కకి తిప్పుకుంటే కారణం తెలియకపోయినా ఆ మనిషిని వద్దంటాను. అప్పుడు మీరు నాతో వాదించకండి.

ఇంత రాశాక మీలో ఒక్కరికైనా ప్రయత్నిద్దాం అనిపిస్తే, మా ఇంట్లో శనివారం పొద్దున్న మేమందరం ఉంటాం. మనిషిని ఆ రోజు పంపండి, ఉద్యోగం ఒప్పుకోవడానికి కాదు, ఊరికే వాడిని చూసి వెళ్లడానికి. అనుభవం లేకపోయినా పర్వాలేదు. వచ్చేముందు ఆమెకి ఒక్కటి మాత్రం చెప్పి పంపండి: వాడిని ఏదైనా అడిగాక, మనసులో పది దాకా లెక్కపెట్టమని.

ఇట్లు,
ఏడేళ్ల బాబు వాళ్ల అమ్మ